భీమవరం యువరాణి

శనివారం మధ్యాహ్నానికల్లా పని ముగించుకుని, భర్త జ్ఞానశేఖర్ స్కూటర్ మీద అల్వాల్‌లో ఆడబడుచు ఇంట ప్రార్థన కూటానికి వెళ్ళాలని మేబెల్ అనుకుంది. సికింద్రాబాద్‌లోని ఓ డబ్బింగ్ థియేటర్‌లో, జపాన్ యానిమే సీరియల్లో యువరాణికి ఆవిడదే గొంతు. పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే, బన్సీలాల్‌పేట్‌లో; ఇంట్లో మాట తెలంగాణ యాస. ఆ సంగతి తెలిస్తే రౌడీలకూ పనిమనుషులకూ తప్ప గొంతు ఇవ్వనివ్వరని, తనది భీమవరమని చెప్పుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొస్తోంది.

ఆ రోజు ఎపిసోడ్‌లో యువరాణి ముసుగు తీసేసింది. ఆమె యువరాణే కాదట, సంతలో జేబులు కొట్టే దొంగట. డైరెక్టర్ కామరాజుది అమలాపురమంటారు. ఆయనకు అప్పుడే ఓ ఆలోచన తట్టింది.

"ఇక్కణ్ణుంచి తెలంగాణ యాసలో చెప్పేయండి. అసలు రంగు బయటపడాలి కదండీ."

మేబెల్ గబగబా తల అడ్డంగా ఊపింది. "నాకు రాదండీ. మాది భీమవరం కదా," అంది.

రాకపోతే నేర్పుతానన్నాడు కామరాజు. ఆయన నేర్పింది ఏ జిల్లాలోనూ ఎవరూ మాట్లాడని భాష. పాపం, మేబెల్ దాన్నే అప్పజెప్పింది. ఒకసారి పొరపాటున అసలు యాస దొర్లితే, అలా ఎవరూ అనరని ఆయన కంగారుగా కోప్పడ్డాడు. టేకు మీద టేకు పోయింది, భోజనాల వేళా దాటింది. చివరికి యాస తెలిసినవాణ్ణి ఎవరినైనా పట్టుకురమ్మని ఆయన మనిషిని పంపాడు. కింద స్కూటర్ దగ్గర ఆ యాసలోనే ఫోన్ మాట్లాడుతూ ఎదురుచూస్తున్న జ్ఞానశేఖర్ దొరికాడు. అతనెవరో అక్కడ ఎవరికీ తెలియదు.

మాట్లాడొద్దని మేబెల్ కళ్ళతో బతిమాలింది. సాయం అడుగుతోందనుకున్నాడు ఆ మహానుభావుడు.

"ఏందీ మేబెల్, గిట్ల వంకరగ చెప్తున్నవ్? పొద్దుగాల నన్ను తిట్టినవ్ సూడు, జెర గట్లనే చెప్పు."

గదిలో అందరూ ఆవిడ వైపు తిరిగారు. తన బతుకు ఇక్కడితో ఆఖరని మేబెల్‌కి అర్థమైంది. ఇక దాచడానికేముందని మైకు ముందుకు జరిగింది.

"అవ్, నేను దొంగనే. ఇంకెన్ని దినాలు గీ యేషం? పరేషానైతున్న."

ఒకే టేకులో ఓకే అయింది. కామరాజు అద్దాల గదిలోంచి వచ్చి, తలుపు వేసి, కళ్ళు తుడుచుకున్నాడు.

"అక్కా, నేను కామరాజును కాదు, భద్రయ్యను. మాది సుత గీ పద్మారావు నగరే."

మరుసటి వారం ఛానెల్ వాళ్ళు ఆ ఎపిసోడ్ తిప్పి పంపారు. యువరాణిగా ఉన్నంతసేపూ గొంతు ఎంతో సహజంగా ఉందట. ముసుగు తీశాకే నటన ఎక్కువైందట. పాత గొంతుతోనే మళ్ళీ చెప్పించాలట. మేబెల్‌కి పని పోలేదు. అందుకు సంతోషించాలని తెలుసు గానీ, ఆవిడకి చచ్చేంత దిగులేసింది.

భద్రయ్య ఆవిడ మొహం చూడకుండా, "మొదలెడదామాండీ," అన్నాడు.

"అలాగేనండీ," అంది మేబెల్.

సీరియల్ అయ్యేదాకా ఆ దొంగ భీమవరం యాసలోనే జేబులు కొట్టింది.