నలుగురూ మెచ్చాల్సిన తలుపు

ఆ ఉదయం సరేగారు అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటూ చేయాల్సిన పనులన్నీ మనసులో వరస పెట్టుకున్నారు. ముందు సమావేశ గదికి కొత్త తలుపు, తర్వాత అదే గదిలో డైరెక్టరుగారి సమీక్ష, అది బాగా జరిగితే కొత్త భవనం పని తన చేతికి. ఎవరేమడిగినా సరే అంటారు కనుక ఆఫీసులో ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది.

"ఏమండీ, మా తమ్ముడికి ఈ తలుపు మొట్టమొదటి కాంట్రాక్టు. వాడి పేరు చెడిందో, మీరు ఇంటికి రానక్కర్లేదు," అంది భార్య.

"అందర్నీ అడిగి మరీ చేయిస్తున్నానే. ఎందుకు చెడుతుంది?"

అడిగిన మాట నిజమే. పనితో సంబంధమున్న ప్రతి ఒక్కరితోనూ మాట్లాడాలని ఏదో శిక్షణలో చెప్పారు. ఆయన విడివిడిగా మాట్లాడారు. తలుపు నడవాలోకి తెరుచుకుంటే తన కుర్చీకి కొట్టుకుంటుందని రిసెప్షన్ మేడమ్ అంది. లోపలికి తెరుచుకుంటే తన వీపుకు కొట్టుకుంటుందని అకౌంటెంటు అన్నాడు. బయటినుంచి ఎవరూ తెరవలేకుండా ఉండాలన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు. లోపలి మాట బయటికి పొక్కకూడదు, వెంట్రుకవాసి సందు కూడా వద్దన్నారు డైరెక్టరుగారు. నలుగురికీ సరే అన్నారు. ఒకరన్నది ఇంకొకరికి చెప్పి మనసు కష్టపెట్టడం ఆయన వల్ల కాదు. అన్నీ విన్నవి విన్నట్టు బావమరిదికి ఫోన్లో అప్పజెప్పి, నా పరువు నీ చేతిలో ఉందన్నారు.

బావమరిది ఆలస్యంగా వచ్చాడు. పాత తలుపు ముందురోజే ఊడదీశారు. అప్పటికే సమీక్ష మొదలై, లోపల దీపాలార్పి, అందరూ గుమ్మానికి వీపు పెట్టి తెర మీద లెక్కలు చూస్తున్నారు. పెద్దవాళ్ళను కదిలించడమెందుకని అతను బయటినుంచే పని కానిచ్చేశాడు. డ్రిల్లు మోత పై అంతస్తుదనుకుని లోపలివాళ్ళు విసుక్కున్నారు.

టీ కోసం లేచిన అకౌంటెంటు దీపం వేసి నోరు తెరిచాడు. గుమ్మంలో నున్నటి చెక్క బిగించి ఉంది. పిడి లేదు, గడియ లేదు, సందు లేదు.

"ఇదేమిటయ్యా?" అన్నారు డైరెక్టరుగారు.

సరేగారికి కొత్త భవనం కళ్ళముందే కూలిపోయింది. వెంటనే బావమరిదికి ఫోన్ చేశారు.

"నువ్వు చెప్పినవన్నీ కలిపితే ఇదే వచ్చింది బావా! ఎలా ఉంది? స్క్రూలు కూడా పొడుగువి వేశా. అక్క భోజనానికి రమ్మంది, తినేసి వస్తా," అని అతను పెట్టేశాడు.

సెక్యూరిటీ ఆఫీసరు తన గార్డుకు ఫోన్ చేశాడు.

"బయటినుంచి ఎవరూ తెరవకూడదని మీ ఆర్డరే కద సార్! నన్ను పరీక్షిస్తున్నారా?" అన్నాడు గార్డు గర్వంగా.

రిసెప్షన్ మేడమ్‌ను బతిమాలితే, "తలుపు నా వైపు రాదని సరేగారు మాటిచ్చారండీ. ఇప్పుడే కుర్చీ హాయిగా వెనక్కి జరుపుకున్నా," అంది.

డైరెక్టరుగారు చెక్క మీద గుద్ది గుద్ది అరిచారు. బయట ఒక్కరూ తల తిప్పలేదు. "మాట మాత్రం పొక్కట్లేదు," అని ఆయనే ఒప్పుకున్నారు.

చేసేదేం లేక మేడమ్‌ను స్పీకరులో పెట్టి, తొలిసారి అందరూ కలిసి తలుపు గురించి మాట్లాడుకున్నారు.

"నా వైపు రాకపోతే చాలు," అంది మేడమ్.

"నాకూ అంతే," అన్నాడు అకౌంటెంటు.

"అయితే పక్కకి జరిగేది పెట్టి, లోపల గడియ బిగిస్తే పోయేది కదా!" అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు.

"సందు లేకుండా రబ్బరు పట్టీ వేయిస్తే నాకూ ఇష్టమే," అన్నారు డైరెక్టరుగారు.

డైరెక్టరుగారు సరేగారి వైపు తిరిగారు. "నా సర్వీసులో వీళ్ళంతా ఒక మాట మీదికి రావడం ఇదే మొదటిసారి. కావాలనే బంధించావా?"

జీవితంలో మొదటిసారి సరేగారికి కాదు అనాలనిపించింది. అంతలో భార్య మాట గుర్తొచ్చింది.

"అవునండీ," అన్నారు.

బావమరిది తినొచ్చి స్క్రూలు ఊడదీశాక అందరూ బయటపడ్డారు, కొత్త భవనం ఆయనకే దక్కింది. అందరూ ఒక మాట మీదికి రావాలంటే ఇదే మార్గమని, అక్కడి సమావేశ గదికి అసలు గుమ్మమే పెట్టవద్దని డైరెక్టరుగారు ఆదేశించి, ఆ కాంట్రాక్టు బావమరిదికే ఇప్పించారు. లోపలికి ఎలా వెళ్ళాలన్నదాని మీద సరేగారు అందర్నీ విడివిడిగా అడుగుతున్నారు.