కుడి కంటి చివర మనిషి

ఆ రోజు పొద్దున కోమల్ అనుకున్నది ఒక్కటే. బిలోలిలో పొలం చూసుకునే మామ నాగనాథ్ పది గంటల బస్సుకు నాందేడ్‌లో దిగి ఇంటికొచ్చేసరికి జొన్నరొట్టెలు అయిపోవాలి, తను నెత్తిన కొంగు కప్పుకుని లేచి నిలబడాలి. కోడలి చూపు బాగుందని ఆయన నమ్మితేనే ఆరేళ్ళ నేహ తల్లి దగ్గర ఉంటుంది. "కండ్లు కనపడని తల్లి పోరిని ఏం సాకుతది? నేనే తోల్కపోత" అని ఫోన్లో చెప్పేశాడు మరి.

ఇరవై తొమ్మిదేళ్ళకే శుక్లం వచ్చి, నెల కింద కుడి కంట్లో లెన్స్ వేశారు. చూపు వచ్చింది. దాని వెనకే కంటి చివర ఒక నల్లని నీడ కూడా వచ్చింది, అచ్చం గుమ్మంలో మనిషి నిలబడ్డట్టు. పెద్దవాళ్ళొస్తే లేవడం చిన్నప్పటి అలవాటు. నీడ కనబడినప్పుడల్లా కోమల్ కొంగు లాక్కుని లేచేది, రోజుకు ముప్పైసార్లు.

"ఎవలకే ఆ మర్యాదలు, గోడకా?" అనేది కంట్లో చుక్కలు వేయడానికని వచ్చిన అత్త ఇందుబాయి. "మీ మామ ముంగట గిట్ల లేసుడు కూసునుడు వెట్టుకున్నవో, పిల్ల పోయినట్టే."

డాక్టరేమో, పట్టించుకోకు, కొన్నాళ్ళకు అదే మరుపున పడుతుంది అన్నాడు.

పట్టించుకోకూడదనే ఒట్టు పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. రొట్టె తడుతుంటే నీడ వచ్చింది. లేవలేదు. మళ్ళీ వచ్చింది. లేవలేదు. మూడోసారి వచ్చి కదలకుండా నిలబడింది.

కోమల్‌కు ఒళ్ళు మండింది. "నిలవడు, ఎంతసేపు నిలవడతవో నిలవడు. నీకు లేసి లేసి నా మోకాళ్ళు పోయినయి. పాడు మొకమా."

నీడ దగ్గింది.

"తాతా" అంటూ నేహ పరుగెత్తుకొచ్చి దాని కాళ్ళను చుట్టేసుకుంది.

ఇందుబాయి గాభరాగా అడ్డం వచ్చింది. "తప్పు వట్టకుండ్రి. దానికి మీరు కనపడలే, పాపం."

"కనపడలేదా?" నాగనాథ్ సంచి కింద పెట్టాడు. "అయితే పోరి బట్టలు సర్దు."

కోమల్ చేతి మీద పిండి ఆరిపోతోంది. కనపడలేదంటే పిల్ల పోతుంది. కనపడ్డారంటే తన పరువు పోతుంది.

"కనపడ్డరు మామా," అంది లేవకుండానే. "చూసే అన్న. మీ అంగీకి మూడో గుండీ లేదు గూడ."

నాగనాథ్ వంగి గుండీ చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"విన్నవానే?" అన్నాడు పెళ్ళాంతో. "కండ్లు మంచిగనే ఉన్నయి నీ కోడలికి. నెత్తికెక్కినయి, గంతే. గిసొంటిదాని బిడ్డ నా ఇంట్ల వద్దు, ఇవే బుద్ధులు వస్తయి. ఇది నా కాళ్ళు మొక్కేదాంక ఈ గడప తొక్క."

మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఇందుబాయి తన చీరలు మడత పెట్టుకుంది. "నెల దినాలు కంట్ల మందేసిన. గిదా నువ్వు సూపెట్టింది?" అని, రెండు గంటల బస్సుకు ఆమె కూడా పోయింది. నేహ కోమల్ ఒళ్ళో కూర్చుని చల్లారిన రొట్టె తింటోంది.

సాయంత్రం లైటు వేస్తే బల్బు చుట్టూ చేతిగాజులా గుండ్రటి వెలుగు, గుమ్మంలో నీడ. కోమల్ కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

ఇప్పుడా ఇంటికి వచ్చే పెద్దమనిషి అదొక్కటే.