మూడు తెల్లగీతలు

ఆ అక్టోబరు ఉదయానికి క్లింకెన్ కొట్లో కదలని సరుకులు రెండున్నాయి. ఒకటి, చర్చి తలుపులకని తెప్పించిన పెద్ద డబ్బాడు తెల్లరంగు. ఫాదరుగారు చివరి నిమిషంలో ఆకుపచ్చకు మనసు మార్చుకున్నారు. రెండోది, చేతికర్రల కట్ట. ఊరికి నడకరాయుళ్లు తండోపతండాలుగా వస్తారని డాక్టరుగారు చెబితే నమ్మి తెప్పించాడు. ఈ రెండూ కాక అతని చేతిలో డాక్టర్ రోడర్ స్నేహం ఉంది. దాని విలువెంతో క్లింకెన్ ఎన్నడూ లెక్క కట్టలేదు.

డాక్టరుగారు జర్మనీలోని ఆ ఐఫెల్ కొండల్లో ఏ జబ్బుకైనా ముందు నడకే రాసేవాడు. నాడి చూస్తూ, వందల ఏళ్లనాటి యుద్ధంలో స్వీడన్ సైనికులు ఊరిని ఎలా తగలబెట్టారో చెప్పేవాడు. రోగి నాలుక బయటపెట్టి ఉంటాడు కనుక ఎదురుచెప్పే వీలుండేది కాదు. ఊరివాళ్లు ఆనాడు తమ ఆవుల్ని దాచుకున్నది అడవి నడిబొడ్డున ఉన్న ముసలి బీచి మాను కిందేనని ఆయన నమ్మకం. ఊరి నుంచి ఆ మాను దాకా నీడలో నడిచిపోయే దారి ఒకటి వేసి చూడాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. వచ్చే వేసవి మొదట్లో పెంతెకొస్తు పండుగకు కొలోన్ నగరం నుంచి నడక సంఘం వస్తానంది.

"నీలం రంగుందా క్లింకెన్? చెట్లకు గుర్తులు పెట్టాలి."

నీలం పట్నం నుంచి రావాలి. తెలుపు ఎదురుగా ఉంది.

"నీలం ఎందుకండీ? పొగమంచులో అది కనబడి చస్తుందా? తెలుపైతే గుడ్డివాడికీ కనబడుతుంది."

"లామ్‌బెర్ట్‌ను ఒక్కమాట అడుగుదామా? అడవి చూసుకునేది అతను కదా."

"పచ్చకామెర్లతో పడుకున్న మనిషి. అడవి మాట చెవిన పడనీయొద్దని మీరే కదండీ కట్టడి చేశారు?"

"అవును సుమా," అన్నాడు డాక్టరుగారు. తన మందు తానే తప్పే మనిషి కాదాయన.

డబ్బా క్లింకెనే మోశాడు. నున్నటి బెరడు మీద గీత బాగా పడుతుందని డాక్టరుగారు ఏరి ఏరి మంచి మానులకే పెట్టాడు, ఒక్కోదానికి ఒక్కో ఏటవాలు గీత. స్వీడన్‌వాళ్ల నాటి మానును ఎవరూ చూడకుండా దాటిపోకూడదని దానికి మూడు పెట్టాడు.

చలికాలం రాగానే అడవిలో రంపాల చప్పుడు మొదలైంది. దారి పొడుగునా బెంచీలు వేయిస్తానని ఊరిపెద్ద అంతకుముందే మాటిచ్చి ఉన్నాడు. డాక్టరుగారు కొట్టు ముందు బండి ఆపించి చెవి ఒగ్గాడు.

"విన్నావా? బెంచీలు!"

"మాట మీద నిలబడ్డాడండీ," అన్నాడు క్లింకెన్. ఆ వారమంతా రంపాల నూనె, ఆకురాళ్లు బాగా పోతున్నాయి కనుక అతనికీ ఆ చప్పుడు కమ్మగానే ఉంది. డాక్టరుగారు లోయ అవతలి ఊళ్లలో జ్వరాలు చూడటానికి వెళ్లిపోయాడు. అడవి వైపు తొంగిచూసే తీరిక లేకపోయింది.

ఒకరోజు చెట్లు కొట్టేవాళ్ల మేస్త్రి నెల్లెస్ వచ్చాడు.

"షావుకారూ, నీ దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద రంపం తియ్యి."

"బెంచీలకు అంత రంపమెందుకయ్యా?"

"బెంచీలేంటి నీ మొహం! తెల్లగీత పెట్టిన చెట్లు కొడుతున్నాం. ఏటా కొట్టే చెట్లకు లామ్‌బెర్ట్ పెట్టేది ఆ గీతే కదా. ఎప్పుడూ వంకరవీ పుచ్చువీ చూపించేవాడు. కామెర్లు పట్టేముందు కళ్లు తెరుచుకున్నట్టున్నాయి, ఈసారి అన్నీ బంగారాలే! ఒకదానికి మూడు గీతలు. దాన్ని ముందు పడగొట్టమనేగా? మా రంపం చాలక ఆఖరికి ఉంచాం."

క్లింకెన్ గల్లాపెట్టె మూశాడు. "లామ్‌బెర్ట్‌ను అడిగారా?"

"వాళ్లావిడ గుమ్మం దాటనిస్తేగా! అడవి ఊసెత్తితే చీపురు తిరగేస్తానంది. డాక్టరుగారి కట్టడట."

ఆ గీతలు లామ్‌బెర్ట్‌వి కావని ఒక్కమాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట వెనకే తెలుపు అంటగట్టింది ఎవరన్న మాటా వస్తుంది. ముందు డాక్టరుగారికి చెప్పుకుని, ఆయన నోటితోనే ఆపిస్తే మర్యాదగా ఉంటుందని క్లింకెన్ లెక్క వేశాడు. "అంత రంపం లేదు," అని చెప్పి, పెరటి గుమ్మంలోంచి బయటపడి మంచులో పరుగెత్తాడు.

అతని భార్య ఒడిలియా లోపలి నుంచి వచ్చింది. వచ్చిన బేరాన్ని ఉత్తచేతులతో పంపకూడదని ఆమెకు నేర్పింది మొగుడే. అటక మీది రంపం దింపి, నూనె కూడా రాసిచ్చింది.

క్లింకెన్, డాక్టరుగారు బండిలో అడవికి వచ్చేసరికి ముసలి మాను నేలమీద ఉంది, పక్కనే క్లింకెన్ అటక మీది రంపం. డాక్టరుగారు నాడి చూస్తున్నట్టు మొద్దు మీద చెయ్యి వేసి, మంచు పేరుకునేదాకా నిలబడ్డాడు. క్లింకెన్ రంగు సంగతీ రంపం సంగతీ నాలుక చివరిదాకా తెచ్చుకుని మింగేశాడు.

పెంతెకొస్తుకు నడక సంఘం వచ్చింది. క్లింకెన్ ముఖం దాచుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాడు. వాళ్లు మొద్దు దగ్గర ఆగి, నోళ్లు తెరిచారు. చెట్లు పోయినచోట లోయ అంతా, నది వంపులతో సహా, ఒక్కసారిగా తెరుచుకుని ఉంది.

"ఎంత ముందుచూపండీ మీది!" అంటూ సంఘాధ్యక్షుడు డాక్టరుగారి కోటుకు బిళ్ల గుచ్చాడు. చప్పట్లు మోగాయి. డాక్టరుగారు టోపీ తీసి మొద్దు వైపు తిరిగి తల వంచాడు. అది కూడా వినయమేననుకున్నారు.

మర్నాడు ఆయన కొట్టుకు వచ్చాడు.

"నీలం రంగు తెప్పించు క్లింకెన్. లామ్‌బెర్ట్ లేచాడు. బీచి మొక్కలు నాటిస్తున్నాం. నీలం పూసిన కర్ర పక్కనున్నదాన్ని ఎవరూ ముట్టుకోరట."

"అవి నీడనిచ్చేదాకా మనముంటామాండీ?"

"నడవమని చెప్పడం వరకే నా పనయ్యా. ఎవరు నడుస్తారో నా చేతిలో ఎప్పుడుంది గనక?" గుమ్మం దగ్గర ఆగాడు. "తెలుపు గుడ్డివాడికీ కనబడుతుందన్నావు. నిజమేనయ్యా."

క్లింకెన్‌కు దానికంటే తిట్టు తిన్నా బాగుండుననిపించింది. కొట్టు కట్టేస్తూ లెక్క చూసుకున్నాడు: తెల్లరంగు పోయింది, చేతికర్రలన్నీ పోయాయి, పెద్ద రంపం పోయింది. ఊరికి పేరొచ్చింది. డాక్టరుగారు కోరినట్టే ఇప్పుడెవరూ దారి తప్పడం లేదు; తప్పడానికి అడవంటూ ఉండాలి కదా.