మేస్త్రీగారి టేపు

టేపు పోయింది మంగళవారం ఉదయం. పోయింది అనడం కూడా సరికాదు. ఆఫీసు మనిషి ఒకాయన టీ తాగి, మూతి తుడుచుకుని, వీధి వీధంతా చూస్తుండగా దాన్ని తీసుకుపోయాడు.

ఆ ఉదయం టైలరమ్మ పెట్టుకున్న పని చిన్నదే. ఆసుపత్రికి పన్నెండు కర్టెన్లు కుట్టాలి. తెల్ల గుడ్డ. కుట్టాక ముడుచుకుపోకుండా ముందే తడిపి ఆరేయాలి. పొద్దున్నే నిచ్చెన ఎక్కి డాబా మీద గుడ్డంతా ఆరేసింది. డాబా నాలుగు మూలలా పిల్లర్ల చువ్వలు మనిషి ఎత్తున నిలబడి ఉంటాయి. పైన ఒక గది వేద్దామని ఆమె భర్త, మేస్త్రీ, వదిలిపెట్టిన చువ్వలవి. ఆయన ఊళ్ళో సగం ఇళ్ళకు మేడలు కట్టాడు. సొంత ఇంటికి చువ్వల దాకా కట్టాడు. గది సంగతి ఎత్తినప్పుడల్లా వచ్చే ఏడు అనేవాడు. కిందటేడు ఆయనే పోయాడు. ఆ చువ్వలకు చుట్టూ తాడు కట్టి టైలరమ్మ బట్టలు ఆరేసుకుంటోంది.

ఎనిమిదింటికి కొలతల గుమాస్తా వచ్చాడు. ఇంటిపన్ను కొత్తగా వేయడానికి వార్డులో ఇళ్ళన్నీ మళ్ళీ కొలుస్తున్నారు. ఆయన చంకలో రిజిస్టరు ఉంది, చెవి మీద పెన్ను ఉంది. కొలవడానికి టేపు మాత్రం లేదు.

"బస్సులో ఎక్కడో జారిపోయిందమ్మా. మీరు టైలరు కదా, ఓసారి మీది ఇవ్వండి."

"నాది గుడ్డ టేపండీ. ఐదడుగులే. మనుషుల్ని కొలిచేది."

"ఇనపది లేదా?"

ఉంది. తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. మేస్త్రీ పోయాక తాపీ ఒకరు అడిగారు, రసమట్టం ఒకరు అడిగారు. ఇచ్చేసింది. టేపు విరిగింది గనక ఎవరూ అడగలేదు. ఆమెకు మిగిలింది అదొక్కటే. చేత్తో దుమ్ము తుడిచి ఇచ్చింది.

"దీనికి మొదటి అడుగు విరిగిపోయిందండీ. కొస దగ్గర చూస్తే ఒకటి అని ఉంటుంది. మా ఆయన అయితే కొలిచాక ఒకడుగు తీసేసి లెక్కేసుకునేవారు. మీరు కూడా..."

"అమ్మా, ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. టేపు ఎలా చదవాలో నాకు మీరు నేర్పుతారా?"

ఇరవై రెండేళ్ళ సర్వీసు ముందుగదిని కొలిచింది, వెనకగదిని కొలిచింది, వంటింటి దగ్గర ఆగి టీ అడిగింది. ఇక పైన చూడాలి. గుమాస్తా నిచ్చెన వంక చూశాడు, తన పొట్ట వంక చూసుకున్నాడు, నేరుగా వీధిలోకి నడిచి అక్కడి నుంచి తలెత్తాడు. నాలుగు చువ్వల నడుమ తెల్లగా, నిటారుగా ఏదో ఎండకు మెరుస్తోంది. తృప్తిగా తలూపి రిజిస్టరులో రాసుకున్నాడు.

"టేపండీ!" అంది టైలరమ్మ.

"పక్కిల్లు కొలిచి ఇచ్చేస్తానమ్మా. ఎక్కడికి పోతుంది?"

పక్కిల్లు అయింది, ఎదురిల్లు అయింది, వీధి అయింది. సాయంత్రానికి గుమాస్తా లేడు, టేపూ లేదు.

పదిహేను రోజులకు నోటీసు వచ్చింది. కింది అంతస్తు రెండు గదులు. పై అంతస్తు హాలు ఒకటి, కొత్తది, గోడలకు తెల్ల సున్నం. పన్ను మూడింతలు. భర్త పోయిన ఆడవాళ్ళకు ఇచ్చే తగ్గింపు మేడలున్న వారికి చెల్లదు గనక రద్దు. అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లోగా చెప్పుకోవచ్చునని, చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని అడుగున చీమల బారు లాంటి అక్షరాల్లో ఉంది.

టైలరమ్మ వెనకా ముందూ తిప్పి చూసింది. "టేపు సంగతి ఏమీ రాయలేదే," అంది.

ఆ మాట విన్నది ఆమె మరిది. ఆయనకు పన్నుల ఆఫీసు ఎదురుగానే జిరాక్సు దుకాణం ఉంది. ఏ కాగితం చూపించినా ముందు 'మూడు కాపీలు' అంటాడు, తరువాతే చదువుతాడు. వీధిలో ఆయన పేరే మూడు కాపీలు. పదేళ్ళుగా ఆఫీసు గేటుకు ఎదురుగా కూర్చున్నందువల్ల ఆఫీసు తనకు అర్థమైందని ఆయన నమ్మకం. నది ఒడ్డున కూర్చున్నవాడు ఈతగాణ్ణని నమ్మినట్టు.

"వదినా, ఇది నాకొదిలెయ్. వారం తిరిగేలోపు ఆ అంతస్తు ఎగిరిపోవాలి."

"అంతస్తు సరే. టేపో?"

"టేపుదేముంది, బజార్లో బోలెడు."

టైలరమ్మ ఆయన వంక చూసింది. నోటీసు మడిచి సంచిలో పెట్టుకుని తనే బయలుదేరింది. మూడు కాపీలు వెంటపడ్డాడు.

ఆఫీసులో ఆరు కిటికీలు ఉన్నాయి. ఐదు మూసి ఉన్నాయి. ఆరో కిటికీలోని ఆయన తలెత్తకుండానే, "అభ్యంతరమా?" అన్నాడు.

"టేపండీ."

"ఇక్కడ అభ్యంతరాలే తీసుకుంటాం. టేపులు తీసుకోం."

"తీసుకున్నారండీ. ఇప్పుడు ఇవ్వమంటున్నాను."

ఆయన విసుగ్గా లోపలికి వెళ్ళి వచ్చాడు. విషయం ఇదీ. గుమాస్తా తన టేపు పోయిందని చెబితే జీతంలో కోస్తారు. అందుకని మేస్త్రీ టేపును ఆఫీసు టేపుగా స్టోరులో జమ చేశాడు. స్టోరువాళ్ళు దాని డబ్బా మీద తెల్లరంగుతో నంబరు వేశారు. ఇప్పుడు వార్డంతా దానితోనే కొలుస్తున్నారు.

"నంబరు పడ్డాక అది మా వస్తువేనమ్మా. మీదని మీరు రుజువు చేసుకోవాలంటే ఫైలు నడవాలి. మీ పేరుతో ఫైలుందా?"

"అభ్యంతరం పెడితే ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే పెడతాను," అంది టైలరమ్మ. ఇంటిపన్ను మీద ఇంత చిన్న ఆశతో అభ్యంతరం పెట్టిన మనిషి ఆ ఆఫీసు చరిత్రలో మరొకరు లేరు.

మూడు కాపీలు విజృంభించాడు. 'మా ఇంటికి పై అంతస్తు లేదు' అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేదాన్ని నాలుగు పేజీలు రాశాడు. ఆధారం జతచేయమన్నారు. లేని అంతస్తుకు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించాడు. ఆరో కిటికీ ఆయన వాటిని వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఇందులో ఆకాశం తప్ప ఏమీ లేదే?"

"అదేనండీ మా ఆధారం!"

"ఇది మీ ఇంటి పైనున్న ఆకాశమే అని ఏమిటి నమ్మకం?"

మూడు కాపీలు ఫొటోలు తిరిగి కవరులో పెట్టుకున్నాడు. కానీ ఆయన ఓడిపోయే రకం కాదు, ఎదుటివాళ్ళను ఓడించే రకం. రెండు రోజులు ఫారాల కట్టలన్నీ తిరగేసి, మొహం వెలిగిపోతుండగా వచ్చాడు.

"వదినా, కిటుకు దొరికింది. ఎప్పుడూ లేనిదానికి వాళ్ళ దగ్గర ఫారం లేదు. ముందు ఉండి, తర్వాత లేకుండా పోయినదానికి ఉంది. కూల్చివేత ఫారం! అంతస్తు కూల్చేశామని రాసిచ్చేశాను. గొడవ వదిలింది."

"లేనిదాన్ని ఎలా కూల్చావయ్యా?"

"కాగితం మీద కట్టారు, కాగితం మీద కూల్చాం. సమానం."

వారం తిరక్కుండా రెండో నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా అంతస్తు కూల్చినందుకు జరిమానా. కూల్చిన ఇటుకలు, మట్టి ఎక్కడ పోశారో చెప్పనందుకు ఇంకో జరిమానా. మట్టి తోలిన లారీ రసీదులు చూపించాలి. మూడు కాపీలు లారీలవాళ్ళ చుట్టూ తిరిగాడు. తోలని మట్టికి రసీదు ఇమ్మంటే వాళ్ళు నవ్వారు. చివరికి ఒకాయన జాలిపడి రెండు లారీలకు రాసిచ్చాడు. ఒక హాలుకు రెండు లారీల మట్టేనా, మిగతాది ఎక్కడ దాచారని మూడో నోటీసు వచ్చింది.

"వదినా," అన్నాడు మూడు కాపీలు, ఈసారి గొంతు తగ్గించి, "నా మాట విని ఆ గది కట్టేస్తే పోలా? అన్నీ సర్దుకుంటాయి."

"మీ అన్న ఇరవై ఏళ్ళు అన్న మాటే. ఆయన అంటే వినడానికి బాగుండేది," అంది టైలరమ్మ. "ఇక నువ్వు నోరు మూసుకుని నీ దుకాణం చూసుకో."

ఆ మధ్యాహ్నం ఆమె మిషను ఆపి, మొదట వచ్చిన నోటీసును ఈసారి తానే ఆసాంతం చదివింది. ముందుగది పదమూడడుగులు అని ఉంది. చదివి ఆగింది. మేస్త్రీ ఆ గదిని పన్నెండు కట్టాడు. పునాది తవ్విన రోజు తాడు రెండో కొస పట్టుకున్నది తనే. లేచి, మెడలోని గుడ్డ టేపు తీసి, గోడ వెంట వంగి వంగి కొలిచింది. పన్నెండే. వెనకగది, వంటిల్లు, అన్నీ నోటీసులో ఒక్కో అడుగు పెరిగాయి. ఏడాదిగా ఆ ఇంట్లో వినపడని చప్పుడొకటి వినిపించింది. టైలరమ్మ నవ్వింది.

విచారణ రోజున అప్పీలు అధికారి బల్ల మీద ఆరు రబ్బరు స్టాంపులు, ఒక గంట, వాటి వెనక అధికారి ఉన్నారు. ఒక పక్కన కొలతల గుమాస్తా నిలబడ్డాడు.

"పై అంతస్తు ఎప్పుడు కట్టారమ్మా?"

"కట్టలేదండీ."

"కట్టకుండా ఎలా కూల్చారు?"

"కూల్చలేదండీ."

"మరి ఈ ఫారం?"

మూడు కాపీలు ఒకడుగు ముందుకు వేశాడు. "అది... వీలుగా ఉంటుందని వేశామండీ."

టైలరమ్మ సంచిలోంచి తెల్లగుడ్డ ముక్క తీసి బల్ల మీద పెట్టింది. "మీవాళ్ళు వీధిలో నిలబడి చూసిన గోడ ఇదండీ. ఆ రోజు తడిపి ఆరేశాను. ఇప్పుడు మా మేడ ఆసుపత్రి కిటికీలకు వేలాడుతోంది. కావాలంటే వెళ్ళి కొలుచుకోండి."

అధికారి గుమాస్తా వైపు తిరిగారు. "ఏమయ్యా, పైకెక్కి చూడలేదా?"

"పైన ఎలా ఉన్నా సార్, కింద మాత్రం అంగుళం తేడా లేకుండా కొలిచాను. ఆఫీసు టేపుతో."

"ఆ టేపు తెప్పించండి సార్," అంది టైలరమ్మ.

టేపు గోధుమరంగు కవరులో వచ్చింది. ఆమె దాన్ని చూసి మూడు నెలలైంది. డబ్బా మీద తెల్లటి నంబరు ఉంది. ఆ అంకెలను బొటనవేలితో ఒకసారి రుద్దింది. పోలేదు. గుడ్డ టేపును బల్ల పొడవునా పరిచింది.

"ఎంతుందండీ?"

అధికారి వంగి చూశారు. "ఐదడుగులు."

ఇనప టేపును దాని పక్కనే పరిచింది. "ఇప్పుడో?"

"ఆరు." అధికారి అనుమానంగా బల్ల వంక చూశారు, అది తనకు చెప్పకుండా పెరిగిందేమోనన్నట్టు.

"దీనికి మొదటి అడుగు లేదండీ. ఇచ్చిన రోజే చెప్పాను. వారికి ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉంది కదా, వినలేదు."

అధికారి టేపు ఎత్తి గుమాస్తాకు చూపించి, "దీనితో ఎన్ని ఇళ్ళు కొలిచావు?" అన్నారు.

"మూడు వందల నలభై సార్," అన్నాడు గుమాస్తా, నేల చూస్తూ.

మూడు వందల నలభై ఇళ్ళలో ప్రతి గదీ ఒక అడుగు పెరిగింది. మూడు వందల నలభై మందీ అభ్యంతరం పెడతారు. ఒక్కొక్కరు మూడేసి కాపీలు జతచేయాలి. ఈ లెక్క ఆ గదిలో అందరికంటే ముందు ఎవరికి తట్టిందో ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. మూడు కాపీలు దుకాణం తెరవడానికి అప్పుడే తలుపు వైపు జరుగుతున్నాడు.

"ఈ టేపు ఎవరిది?" అడిగారు అధికారి.

"మా ఆయనది."

"ఆయన్ని పిలవండి."

"రారండీ."

"ఎందుకు రారు?"

"కిందటేడు పోయారండీ."

అధికారి పక్కన కూర్చుని రాసుకుంటున్న మనిషి వైపు చూసి, "గైర్హాజరు అని రాయండి," అన్నారు.

ఉత్తర్వు నెలకు వచ్చింది. పై అంతస్తు కొట్టేశారు. ఎప్పుడూ లేని అంతస్తును కూల్చడం కుదరదు గనక జరిమానాలూ కొట్టేశారు. తగ్గింపు తిరిగి ఇచ్చారు. టేపు కార్యాలయానిది కాదని, ప్రైవేటు వ్యక్తిదని ఒప్పుకున్నారు. అయితే మూడు వందల నలభై కేసులకూ అదే సాక్ష్యం గనక అన్నీ తేలేదాకా సీలువేసి ఉంచుతారు. ఆ తరువాత, యజమాని స్వయంగా హాజరై సంతకం చేస్తే తిరిగి ఇస్తారు. యజమాని పేరు దగ్గర మేస్త్రీ పేరు ఉంది.

కొలతల గుమాస్తాకు పై హోదా ఇచ్చి స్టోరుకు పంపారు. మూడు కాపీలు రెండో జిరాక్సు మిషను కొన్నాడు. కేసులన్నీ తేలేసరికి ఏడాది పట్టింది. తేలిన మర్నాడే టైలరమ్మ మేస్త్రీ మరణ ధ్రువపత్రం పట్టుకుని ఆరో కిటికీ దగ్గరికి వెళ్ళింది.

ఆయన దాన్ని ఓపిగ్గా చదివాడు. "ఆయన సంతకం పెట్టలేరని దీంట్లో ఉందమ్మా. పెట్టాలని ఉత్తర్వులో ఉంది. మేమేం చేయగలం?"

తలుపు వెనక మేకు అలాగే ఉంది. టేపు స్టోరులో ఉంది. మేస్త్రీ సంతకం ఒక్కటే ఇంకా కాలేదు.