బొమ్మ బతికింది

అత్యవసర వైద్య సిబ్బందికి రెండేళ్లకోసారి జరిపే పునశ్చరణ తరగతులు ఈసారి కూడా దిగ్విజయంగా ముగిశాయి. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. గాయపడినవారు లేరు. నేర్చుకున్నవారు కూడా లేరు.

ఈ ఘనవిజయానికి ఒక్కావిడ మాత్రం అడ్డుపడబోయింది. ఇరవై రెండేళ్లుగా అంబులెన్సులో పనిచేస్తున్న టెక్నీషియన్. డిపోలో అందరూ పెద్దక్క అంటారు. ఆగిపోయిన గుండెలను ఎన్నింటినో మళ్లీ దారిలో పెట్టిన చేతులు ఆవిడవి. కానీ అది ఉత్త అనుభవం, దానికి మార్కులుండవు. నెలాఖరులోగా నలభై గంటల తరగతులు విని, ప్రాక్టికల్ పాసైతేనే లైసెన్సు. లేదంటే సోమవారం నుంచి స్టోర్ రూములో దూది కట్టలు సర్దుకోవాలి.

ముప్పై తొమ్మిది గంటలు సాఫీగానే గడిచాయి. "ప్రతి నిమిషమూ ప్రాణమే" అనే పాఠం గంటన్నర ఆలస్యంగా మొదలైంది. రక్తస్రావం పాఠంలోంచి రక్తం కనిపించే ఫొటోలన్నీ తీసేశారు, చూస్తే కళ్లు తిరుగుతున్నాయని శిక్షకుడే అర్జీ పెట్టుకోవడం వల్ల. ఆయన సామాన్యుడు కాడు. అంబులెన్సు ఎక్కింది ఒక్కసారే అయినా, అది రిబ్బను కత్తిరించిన రోజు.

చివరి గంట ప్రాక్టికల్. చాప మీద రబ్బరు బొమ్మ. సరిగ్గా నొక్కితే దాని నుదుటి మీద పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. పెద్దక్క మోకాళ్ల మీద కూర్చుని, ఛాతీ నడుమ అరచేతులు ఆనించి, లెక్క తప్పకుండా ముప్పై సార్లు నొక్కింది. ఎర్ర దీపం. మళ్లీ నొక్కింది. మళ్లీ ఎరుపే.

"పోయాడమ్మా," అన్నాడు శిక్షకుడు సున్నా వేస్తూ.

తర్వాత వచ్చినాయన తాపీగా బొమ్మ కుడి భుజాన్ని రెండుసార్లు నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది. హాలంతా చప్పట్లు.

ఇందులో రహస్యమేమీ లేదు. పెద్దక్క కిందటిసారి పాసై వెళ్లిన కొన్నాళ్లకే బొమ్మ లోపలి మీట ఊడి కుడి భుజంలోకి జారింది. బాగుచేయించాలంటే చెడిపోయిందని రాయాలి. అలా రాస్తే, మరి ఇన్నాళ్లూ ఇచ్చిన సర్టిఫికెట్ల సంగతేమిటని పైవాళ్లు అడుగుతారు. అందుచేత బొమ్మ నిక్షేపంలా ఉన్నదనీ, సిబ్బందే కాస్త సర్దుకోవాలనీ కార్యాలయం తీర్మానించింది.

"గుండె ఛాతీలో కదా సార్ ఉండేది?" అంది పెద్దక్క.

"మనుషులకైతే అక్కడే ఉంటుందమ్మా. ఇది పరీక్ష. మీకింకొక్క అవకాశమే ఉంది."

ఆవిడకు దూది కట్టలు కళ్లముందు మెదిలాయి. ఇరవై రెండేళ్లలో మొదటిసారి తన చేతులను చూసి తనకే సిగ్గేసింది. భుజం నొక్కింది. బొమ్మ బతికింది.

సోమవారం ఉదయం బస్టాపులో ఒక పెద్దాయన కుప్పకూలాడు. పెద్దక్క అంబులెన్సు దిగి పరుగున వెళ్లి కూర్చుంది. ఆవిడ చేతులు నేరుగా పోయి ఆయన కుడి భుజం మీద వాలాయి.

"అక్కా, ఎక్కడ నొక్కుతున్నావ్?" అన్నాడు వెనకే వచ్చిన డ్రైవరు.

పెద్దక్క తన చేతుల వంక చూసుకుంది. వాటిని ఆయన ఛాతీ మీదికి జరిపి, చెమటలు కారుతున్నా ఆపకుండా నొక్కింది. ఆస్పత్రి చేరేలోగా పెద్దాయన ఊపిరి అందుకున్నాడు.

ఇక రిపోర్టు. కొత్త ఫారంలో "నొక్కిన చోటు" అన్నదానికి ఎదురుగా జవాబు అచ్చు వేసే ఉంది: కుడి భుజం. టిక్కు పెట్టడమే తరువాయి. పెట్టకపోతే ఫారం చెల్లదు. ఫారం చెల్లకపోతే పెద్దాయన బతికినట్టు కాదు.

"పెట్టేయక్కా, ఇవన్నీ ఎవడు చదువుతాడు?" అన్నాడు డ్రైవరు. పెట్టేసింది.

చదివారు. అక్కడే వచ్చింది చిక్కు. భుజం నొక్కితే ప్రాణం నిలుస్తుందనడానికి దొరికిన తొలి లిఖితపూర్వక ఆధారం అదే. వారం తిరక్కుండా సన్మానసభ పెట్టారు. "ప్రపంచమంతా ఇంకా ఛాతీ దగ్గరే ఆగిపోయింది," అన్నారు పైఅధికారి శాలువా కప్పుతూ. "మనం ఒక జానెడు ముందుకు వెళ్లాం. ఈ జానెడు మన సోదరి చలవ." బతికిన పెద్దాయనను కూడా వేదిక ఎక్కించారు. పాపం, ఆయన ఛాతీ పట్టుకుని మూలుగుతూనే దండం పెట్టాడు. పెద్దక్కకు శిక్షకురాలిగా ప్రమోషన్ ఇచ్చారు.

మొదటి క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయి బొమ్మ ముందు కూర్చుంది. ఛాతీ నడుమ అరచేతులు ఆనించి, లెక్క తప్పకుండా ముప్పై సార్లు నొక్కింది. ఎర్ర దీపం.

"సరిగ్గానే నొక్కాను కదా మేడమ్?"

సరిగ్గానే నొక్కింది. చూడముచ్చటగా నొక్కింది. ఆ మాట పెద్దక్క గొంతు దాకా వచ్చింది కూడా. వెనక వరుసలో పైఅధికారి కాలుమీద కాలేసుకుని చూస్తున్నారు.

"కాస్త కుడికి జరుపు తల్లీ," అంది పెద్దక్క, బొమ్మ వైపు చూడకుండా.

పచ్చ దీపం. చప్పట్లు.

ప్రజలు ఆందోళన చెందవలసిన పని లేదు. ఫోన్ చేసిన ఎనిమిది నిమిషాల్లో సుశిక్షితులైన సిబ్బంది మీ గుమ్మంలో ఉంటారు. మీవంతు సహకారంగా మీరు చేయవలసిందల్లా ఒక్కటే: గుండె ఆగి పడిపోయేటప్పుడు, కుడి భుజం పైకి ఉండేట్టు చూసుకుని పడండి.