ముందు వరుస కుర్చీ

పెళ్లయి ముప్పయ్యయిదేళ్లు నిండిన సందర్భంగా మార్జీన్ హౌగెన్ భర్త డెల్బర్ట్‌ను కోరిన కోరిక చాలా చిన్నది. సముద్రం ఒడ్డున ముందు వరుసలో రెండు పడక కుర్చీలు కావాలి, పైన తాటాకు గొడుగు ఉండాలి, ఎదురుగా నీళ్లు తప్ప మరేమీ కనపడకూడదు. అందుకే ఆ పొద్దున ఆమె ఇంకా నిద్రలో ఉండగానే డెల్బర్ట్ తువ్వాళ్లు చంకన పెట్టుకుని పిల్లిలా గదిలోంచి బయటపడ్డాడు.

మెక్సికో తీరాన ఉన్న ఆ రిసార్టులో దేనికీ లోటు లేదు. స్నానానికి పాలరాతి తొట్టి, తలగడల్లోనే నాలుగైదు రకాలు, అడక్కముందే చేతికందే కొబ్బరినీళ్లు. అయినా చలికాలంలో మిల్వాకీ నుంచీ టొరొంటో నుంచీ మంచు దులుపుకుని అక్కడ దిగే పెద్దమనుషులంతా కొట్టుకునేది మాత్రం ముందు వరుస కుర్చీల కోసమే. బస్సులో కర్చీఫు వేసి సీటు ఆపినట్టు, తెల్లవారకముందే ఎవరో ఒకరు తువ్వాళ్లు పరిచేసి మళ్లీ వెళ్లి పడుకునేవారు. ఈ బాధ పడలేక రిసార్టు వాళ్లు ఆ ఏడు కొత్తగా బోర్డు పెట్టారు. తువ్వాలుండి మనిషి లేకపోతే గంటసేపు చూసి, మేమే తీసి మడతపెట్టేస్తాం అని దాని సారాంశం.

తువ్వాలు వేసి చోటు ఆపడం డెల్బర్ట్‌కి తప్పనిపించలేదు. తన ఊరు మిల్వాకీలో మంచు పడ్డ రోజు నడుం విరిగేలా పార తిప్పి, బండి పెట్టుకునే చోటు బాగుచేసుకున్నవాడు, బండి తీసేటప్పుడు అక్కడో పాత వంటింటి కుర్చీ పెట్టి పోతాడు. సాయంత్రం దాకా ఆ చోటు అతనిదే. వీధిలో ఎంత దుర్మార్గుడైనా ఆ కుర్చీ జోలికి పోడు. ఆ ధర్మం మీద పెరిగిన మనిషికి గంట గడువు చాలా అన్యాయంగా తోచింది. మార్జీన్ తయారై, తలకి నూనె పట్టించుకుని, మర్దనా ముగించుకుని వచ్చేసరికి ఎంత లేదన్నా మూడు గంటలు పడుతుంది.

ఈసారి మాట తప్పితే ఇంట్లో తన పరువుండదని అతనికి తెలుసు. అలాస్కా ఓడ ప్రయాణంలో సరిగ్గా హిమానీనదం కనిపించే వేళకి గడియ విరగ్గొట్టుకుని స్నానాలగదిలో ఇరుక్కుపోయాడు. మార్జీన్ హిమానీనదానికి వీపు పెట్టి తలుపుతో మాట్లాడుతూ కూర్చుంది. అరిజోనాలో వేడినీటి కొలనులో బుడగలు చాల్లేదని సబ్బు పోశాడు. హవాయి దీవి మావీలో రొట్టె కాల్చబోయి అలారం మోగించి, హోటల్లో ఉన్న జనాన్నంతా పైజామాలతో పచ్చిక మీద నిలబెట్టాడు. అందుకే బయల్దేరే ముందు ఆమె అతన్ని కూర్చోబెట్టి చెప్పింది.

“డెల్, జనం అంత డబ్బు పోసి ఇలాంటి చోట్లకి ఎందుకెళ్తారో తెలుసా? అక్కడ ఎవరికీ ఏ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు కాబట్టి. నాకు నగలొద్దు, పడవ షికారు వద్దు. ఒక్క పూట గొడవ లేకుండా కూర్చోనీ, చాలు. నువ్వేమీ చెయ్యకు.”

ఏమీ చెయ్యకుండా ఉండటం డెల్బర్ట్‌కి చేతకాదు. జీవితమంతా స్కూలు బస్సుల షెడ్డు నడిపినవాడు. ఏ బస్సు ఎక్కడుండాలో, ఏ డ్రైవరు ఎటు తిరగాలో చెప్పకపోతే అతనికి తిన్నది అరగదు. తువ్వాళ్లు పరిచి, కాసేపు నడుం మీద చేతులేసుకుని ఆలోచించి, గంట గడువుకి విరుగుడు కనిపెట్టాడు. మనిషి ఇప్పుడే నీళ్లలోకి దిగినట్టు కనపడితే సరి. చెప్పులు విప్పి సముద్రం వైపు తిప్పి పెట్టాడు. టోపీ కుర్చీకి తగిలించాడు. పుస్తకం సగంలో తెరిచి బోర్లించాడు. సగం తాగిన కాఫీ పక్కన పెట్టాడు. ఇంకా ఏదో తక్కువైనట్టనిపించి, చివరికి కళ్లద్దాలు తీసి మడిచి పుస్తకం మీద ఉంచాడు. కళ్లద్దాలు వదిలేసి ఏ మనిషీ దూరం పోడు. ఎవరు చూసినా యజమాని ఇదిగో ఇక్కడే ఈదుతున్నాడనుకుంటారు. తన తెలివికి తనే మురిసిపోతూ, దారి తడుముకుంటూ ఫలహారశాలకి నడిచాడు.

అక్కడ ఆమ్లెట్ల వరసలో కెనడాలోని సస్కాచెవాన్ గోధుమ రైతు ఓర్విల్ తగిలాడు. అతనికి గడ్డకట్టే చలిలో ట్రాక్టరు స్టార్టు కాదు. ఇతనికి గడ్డకట్టే చలిలో బస్సులు స్టార్టు చేయించడమే వృత్తి. ఇక కాలం తెలియలేదు. డెల్బర్ట్ మూడో ఆమ్లెట్ దగ్గరుండగా ఒడ్డున ఈలలు మోగాయి.

ఒడ్డున ఏం జరిగిందో అతనికి తర్వాత తెలిసింది. టొరొంటో నుంచి వచ్చిన ఎనిడ్ క్రాక్స్‌టన్ అనే ఆవిడ పొద్దుటినుంచీ ఆ కుర్చీల మీదే కన్నేసి ఉంది. బెర్ముడాలోనూ బార్బడోస్‌లోనూ ఎప్పుడూ ముందు వరుసలోనే కూర్చున్నాననీ, ముందు వరుస దొరకని రిసార్టు ఎంత గొప్పదైనా ధర్మసత్రంతో సమానమనీ ఆవిడ అందరికీ చెబుతుండేది. గంట దాటగానే వెళ్లి లైఫ్‌గార్డు ఎఫ్రాయిన్‌కి ఫిర్యాదు చేసింది. ఈ మనిషి ఎప్పుడనగా దిగాడు, ఇంతసేపు ఎవరైనా ఈదుతారా, తీసేయండి తువ్వాళ్లు అంది. ఎఫ్రాయిన్ వచ్చి, సముద్రం వైపు తిరిగిన చెప్పుల్నీ, కళ్లద్దాల్నీ, చల్లారిన కాఫీనీ చూశాడు. దిగినవాడు మునిగిపోయాడని నిశ్చయించుకుని ఈల ఊదాడు. దిగడం మీరు చూశారా అని ఆవిణ్ణి అడిగాడు. లేదు, కుర్చీ కోసమే కాపలా కాశానని చెప్పుకోలేక, చూశానంది. ఎలా ఉంటాడంటే ఆరడుగుల పైమాటే, జుట్టు ఒత్తుగా ఉంటుంది అంది. ఒకసారి చెప్పాక ఆవిడకే నమ్మకం కుదిరి, వెళ్తూ వెళ్తూ నాకు చెయ్యి కూడా ఊపాడంది.

డెల్బర్ట్ పొట్టివాడు, పైగా బట్టతల. అందుకే ఈలలు విని ఒడ్డుకి వచ్చి ఆ వర్ణన వినగానే, మునిగింది ఇంకెవరో అయ్యో పాపం అనుకుని, చొక్కా విప్పి ఓర్విల్‌తో పాటు నీళ్లలోకి దిగాడు. అందరూ చేతులు పట్టుకుని వరసగా నిలబడి కాళ్లతో అడుగు వెతుకుతున్నారు. ఆ వరస అతనికి నచ్చలేదు. పొట్టివాళ్లు లోతులోనూ పొడుగువాళ్లు గట్టు దగ్గరా ఉన్నారు. ఓర్చుకోలేక కేకలేసి, అందర్నీ ఎత్తుల వారీగా సర్ది, ఒడ్డు వెంబడి కుడి పక్కనున్న రాళ్ల దాకా నడిపించాడు. ఆ ఉదయం సముద్రంలో అతని మాట తప్ప మరో మాట వినపడలేదు.

“ఒడ్డున వస్తువులేమైనా వదిలాడా?” అని ఎఫ్రాయిన్‌ని అడిగాడు.

“చెప్పులు, కళ్లద్దాలు ఉన్నాయి సార్.”

“జాగ్రత్త గల మనిషే, పాపం,” అన్నాడు డెల్బర్ట్. “పెళ్లాం ఉందా?”

“ఈపాటికి వెతికి తీసుకొచ్చే ఉంటారు సార్. టోపీ మీద ఏదో మిల్వాకీ స్కూలు బస్సులని రాసుంది. దాన్నిబట్టి గది కనుక్కున్నారు.”

డెల్బర్ట్ కాళ్ల కింద ఇసుక జారింది. నడుం లోతు నీళ్లలో అతనికి చెమటలు పోశాయి. పోయింది తనే. మర్దనా బల్ల మీంచి మార్జీన్‌ని లేపి, నీ మొగుడు పోయాడని చెప్పేసి ఉంటారు. నిజం చెబితే జనమంతా నవ్వుతారు, పెళ్లిరోజు కాస్తా మరో అరిజోనా అవుతుంది. చెప్పకపోతే ఆమె ఏడుస్తుంది. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు, ఆమె ఏడవకూడదు. చెయ్యి విడిపించుకుని ఒడ్డుకి పరిగెత్తబోయాడు. ఓర్విల్ వదల్లేదు.

“ఇంతమందిని నిలబెట్టి ఇప్పుడు నువ్వే పోతే ఎలా?”

“వదులయ్యా బాబూ. ఆ మనిషిని నేనే.”

ఓర్విల్ అతని నుదురు ముట్టుకు చూశాడు. పాపం, ఎండ దెబ్బ కొట్టిందని పక్కవాళ్లకి చెప్పాడు. నేనే, నేనే అని డెల్బర్ట్ అరుస్తుంటే నలుగురు కలిసి రెక్కలు పట్టుకుని ఒడ్డుకి మోసుకొచ్చారు. ఎనిడ్ అడ్డం వచ్చి, ఈయన కాదు, నేను కళ్లారా చూశాను, ఆయన పొడుగు, అందగాడు అని గట్టిగా సాక్ష్యం చెప్పింది. నా భార్యనే అడగండి అని డెల్బర్ట్ బతిమాలుకున్నాడు. దుఃఖంలో ఉన్న ఆవిడ దగ్గరికి ఈ పిచ్చివాణ్ణి తీసుకెళ్లొచ్చా అని వాళ్లలో వాళ్లే కాసేపు తర్జనభర్జన పడ్డారు.

తాళ్లు కట్టి, జనాన్నంతా వెనక్కి పంపేసి, ముందు వరుసంతా ఖాళీ చేశారు. తాటాకు గొడుగు కింద మార్జీన్ ఒక్కతే కూర్చుని ఉంది. ఒకావిడ విసురుతోంది, ఒకతను పండ్లరసం పట్టుకుని నిలబడ్డాడు, మేనేజరు మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. డెల్బర్ట్‌ని తెచ్చి ఎదురుగా నిలబెట్టి, అమ్మా, ఈయన మీ ఆయనేనా అని ఎంతో మర్యాదగా అడిగారు.

ఆమె పండ్లరసం తాగడం పూర్తిచేసింది. అతన్ని పైనుంచి కిందకి ఒకసారి చూసింది.

“కొంచెం పక్కకి జరిగితే సముద్రం కనపడుతుంది,” అంది. తర్వాత మేనేజరు వైపు తిరిగి, “ఆయనేనండి,” అంది.

ఆ సాయంత్రం గదిలో డెల్బర్ట్ మంచం అంచున ముడుచుకుని కూర్చున్నాడు. నేను బతికే ఉన్నానని నీకెప్పుడు తెలిసింది అని అడిగాడు.

“నన్ను తీసుకొచ్చినప్పుడు ముందు ఆ చెప్పులు చూశాను,” అంది మార్జీన్. “ప్రాణం పోయింది డెల్. ఇంతలో రాళ్ల దగ్గర్నించి నీ అరుపు వినపడింది. పొట్టివాళ్లని ఒడ్డు వైపుకి రమ్మంటున్నావు. పోయినవాడు అంత పెత్తనం చెయ్యడు.”

“మరి వెంటనే చెప్పలేదేం?”

“కూర్చుని పావుగంటైనా కాలేదు. ఎదురుగా ఒక్క తలకాయ లేదు. ఎంత బాగుందో.”

రిసార్టు వాళ్లు వెళ్లగొడతారేమోనని డెల్బర్ట్ భయపడ్డాడు. అలాంటిదేమీ జరగలేదు. మర్నాడు తెల్లవారకముందే ముందు వరుసంతా తువ్వాళ్లతో నిండిపోయింది కానీ, ఆ రెండు కుర్చీలూ ఖాళీగానే ఉన్నాయి. నిన్నటి సంగతి విన్నవాళ్లెవరూ వాటి ఛాయలకి పోలేదు. ఎనిడ్ అయితే దూరంగా తిరిగి వెళ్లేది. వారం రోజులూ మార్జీన్ తీరిగ్గా నిద్రలేచి, తీరిగ్గా తయారై, వెళ్లి అక్కడ కూర్చుంది. డెల్బర్ట్ పక్కనే కూర్చుని, ఆమె చెప్పినట్టే, ఏమీ చెయ్యలేదు.

తిరుగు ప్రయాణంలో విమానంలో పక్కసీటావిడ మాట కలిపి, వచ్చే ఏడాది తామూ ఎక్కడికైనా పెద్ద రిసార్టుకి వెళదామనుకుంటున్నామనీ, ఈ చోటు అంత ఖర్చుకి తగినదేనా అనీ ఆరా తీసింది.

“నేను చూసినవాటన్నిట్లోకీ ఇదే గొప్పది,” అంది మార్జీన్. “విధవరాళ్లని చాలా బాగా చూసుకుంటారు.”