పచ్చ కోటు వచ్చిన శనివారం

ఆ శనివారం ఉదయం హెడ్లీ కీపింగ్ అనుకున్న పని చిన్నదే. వానలో పడవ తీసుకుని బయటికి వెళ్లాలి, ఐదు కాడ్ చేపలు పట్టాలి, లోపలి చొక్కా తడవకుండా ఇంటికి రావాలి. మొదటి రెండూ అతనికి అలవాటైన పనులే. మూడోదాని మీదే పడవ నిలవడమో పోవడమో ఆధారపడి ఉంది.

వసంతంలో వానకి తడిసి హెడ్లీ ఇరవై రోజులు మంచం పట్టాడు. అతను దగ్గుతుంటే గోడకి పెట్టిన పళ్లాలు కదిలాయని అతని భార్య డల్సీ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. మంచం దిగిన రోజే ఆమె మాట తేల్చేసింది.

"ఇంకొక్కసారి చొక్కా తడుపుకుని గుమ్మంలోకి వచ్చావంటే పడవ అమ్మేస్తా. బేరం కూడా చూసి పెట్టా."

"ఎవరికి?"

"మా తమ్ముడికి."

దగ్గు కన్నా ఈ మాటే గట్టిగా తగిలింది. తమ్ముడంటే పక్కింటి సెల్బీ రైడౌట్. సెల్బీ పడవని ఎలా చూసుకుంటాడో లాంప్ కోవ్ ఊరంతటికీ తెలుసు. వాడి పడవలో నీళ్లు తోడిపోసే డబ్బా ఒక్కటే గట్టిగా ఉంటుంది, దానికి పని ఎక్కువ కాబట్టి.

అందుకని హెడ్లీ రెండు వారాలు వానకోటు కోసం తిరిగాడు. పట్నంలో పెద్ద దుకాణం వాడు చెప్పిన ధర విని, కోటుతో పాటు పడవ నడపడానికి మనిషిని కూడా ఇస్తారేమోనని అడిగాడు. ఇవ్వరట. చవకదొకటి చేత్తో నలిపితే రొట్టె సంచిలా గరగరలాడింది. ఇంకోదాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే కుట్టు పొడుగునా సూది చిల్లులు చుక్కల్లా మెరిశాయి. కుట్టిన చోటల్లా వానకి దారే.

చివరికి లెస్టర్ పాతసామాన్ల కొట్లో దొరికింది అసలైనది. ముదురు పచ్చ రంగు కోటు, ఛాతీ దాకా వచ్చే ప్యాంటు. కుట్లు లేవు, అతుకులన్నీ వేడితో కరిగించి అంటించినవి. జిప్పు మీద రెండు వేళ్ల వెడల్పు మడత, మణికట్టు దగ్గర లోపల ఇంకో పట్టీ, కింద ఉన్ని స్వెట్టరు వేసుకున్నా చెయ్యి ఎత్తేంత వదులు. హెడ్లీకి అదీ చాలలేదు. ప్యాంటు కాలొకటి కింద ముడివేసి, లెస్టర్ కుళాయి దగ్గర నిండా నీళ్లు పట్టి, కొక్కేనికి తగిలించి, ఎదురుగా పీట వేసుకుని అరగంట కూర్చున్నాడు.

"కొంటావా, ఇందులో చేపలు పెంచుతావా?" అన్నాడు లెస్టర్.

చుక్క రాలలేదు. పెద్ద దుకాణం ధరలో పావు వంతుకి బేరం తెగింది.

లెస్టర్ చెప్పనిదీ, హెడ్లీ అడగనిదీ ఒకటుంది. పోయినేడాది దాకా చేపల ఆఫీసు వాళ్లు తొడిగినవి అవే. ఈ ఏడు వాళ్లకి కొత్తవి ఇచ్చి పాతవి గంపగుత్తగా అమ్మేశారు. ఛాతీ మీద ముద్ర ఊడదీసిన చోట డాలు ఆకారంలో మచ్చ కూడా మిగిలింది. వేసవి శనివారాల్లో మనిషికి ఐదు కాడ్ చేపలు, ఆరోది దొరికితే పడవ జప్తు. కాబట్టి ఆ పచ్చ రంగుని లాంప్ కోవ్ జనం మైలు దూరం నుంచి పోల్చగలరు. హెడ్లీ మాత్రం పోల్చలేడు. ఆరో చేపని ఏనాడూ పడవలోకి లాగనివాడు ఆఫీసరు ఎదురైతే ముఖం చూసి పలకరిస్తాడు గానీ కోటు రంగు ఎందుకు చూస్తాడు?

సముద్రం మీద పొగమంచు పాల మీగడలా పేరుకుంది. పైన వాన. హెడ్లీ టోపీ ముక్కు దాకా లాక్కుని, గాలపు తాడు వదిలి, ప్రతి పది నిమిషాలకీ చంకలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. పొడి. వీపు పొడి. నడుం పొడి. నాలుగు చేపలు పడేసరికి అతనికి పాట కూడా వచ్చింది, పాడలేదు గానీ.

అంతలో మంచులోంచి సెల్బీ పడవ బయటపడింది. పడవ అంచు నీళ్లకి జానెడు ఎత్తులో ఉంది, అంటే లోపల ఐదు కన్నా చాలా ఎక్కువే ఉన్నాయి. హెడ్లీ మాటలు పొదుపుగా వాడే మనిషి. ఊరికే చెయ్యెత్తాడు.

మంచులో సెల్బీకి కనిపించింది పడవ కాదు, మనిషి కాదు. ఒక పచ్చ కోటూ, ఆగమన్నట్టు ఎత్తిన చెయ్యీ. సెల్బీ ఇంజను అరిచింది. పడవ మాయమైంది.

'కడుపులో నొప్పేమో' అనుకున్నాడు హెడ్లీ.

కాసేపటికి ఆ ఊరివాళ్లే, స్కిన్నర్ అన్నదమ్ములు, తమ పడవలో కనిపించారు. సెల్బీకి ఏమైందో అడుగుదామని వాళ్ల వైపు పడవ తిప్పాడు. వాళ్లు తాడు కోసుకుని మరీ పారిపోయారు. ఏదో ఆపద ఉండే ఉంటుందని హెడ్లీ వాళ్ల వెంట పడ్డాడు. అతను వేగం పెంచేకొద్దీ వాళ్లూ పెంచారు. దారిలో ఇంకో మూడు పడవలు వీళ్లని చూసి ఎందుకో ఏమిటో అడక్కుండానే పరుగులో కలిశాయి. హెడ్లీ రేడియో ఎప్పట్లాగే బ్యాటరీ ఆదా కోసం కట్టేసి ఉంది. లేకపోతే "పచ్చ కోటు! పచ్చ కోటు! ఒక్కొక్కణ్ణీ తరుముతున్నాడు!" అన్న బావమరిది కేకలు అతనికీ వినపడేవి.

విసుగు పుట్టి ఆగిపోయాడు. ఐదో చేప పట్టుకుని, బక్కెట్టు మీద మూత పెట్టి, తీరిగ్గా రేవుకి వచ్చాడు.

రేవులో పిట్ట లేదు. ఎప్పుడూ నలుగురు నిలబడి పక్కవాడి చేపల్ని తక్కువ చేసి మాట్లాడే చోట ఒక పిల్లి కూర్చుని ఉంది. ఇళ్ల కిటికీల్లో తెరలు కదిలి ఆగిపోయాయి. దారి మొదట్లోని ఇంటి కిటికీ మాత్రం తెరుచుకుంది. తొంభై ఒక్క ఏళ్ల రోడా అత్త తల బయటపెట్టింది. ఊరందరికీ ఆమె అత్తే.

"రండి సార్, రండి! టీ కాచాను. డబ్బాపాలు పోశాను. మొలాసెస్ పాకం వేసిన తీపి రొట్టె కూడా ఉంది."

హెడ్లీ వెనక్కి తిరిగి చూశాడు. సార్ ఎవరూ లేరు. ఈ అత్త తనకి ముడ్డి కడిగిన మనిషి. ముసలితనం ఇలాగే మొదలవుతుందని జాలిపడి, నెమ్మదిగా తల ఊపాడు.

"ఊరంతా వెతుక్కోండి సార్. ఆ పైనున్న హెడ్లీ కీపింగ్ షెడ్డు మాత్రం వదిలెయ్యండి. అక్కడేం ఉండదు. వట్టి అమాయకుడు. ఆరు అంకె కూడా రాదు వాడికి. ఆ షెడ్డు తలుపు బిగుసుకుపోయింది కూడా. తెరవకండి, చెయ్యి నొప్పెడుతుంది."

పొద్దున తెరిచినప్పుడు బాగానే ఉందే తలుపు! హెడ్లీ అడుగు వేగం పెంచాడు.

తలుపు సులువుగానే తెరుచుకుంది. లోపల, అతను ఏళ్లుగా కడిగి తుడిచి పెట్టుకున్న బల్ల మీదా, బల్ల కిందా, వలల మీదా, తొట్ల నిండా చేపలు. కట్టెల పొయ్యి మీద కూడా ఒకటి పడుకుని ఉంది. వాటి మధ్య సెల్బీ చివరి తొట్టి దించుతున్నాడు. పచ్చ కోటు చూడగానే రెండు చేతులూ పైకెత్తాడు.

"నావి కావు సార్! అన్నీ హెడ్లీవే! నేనెంతో చెప్పి చూశాను సార్, మా అక్క మొగుడని కూడా చూడకుండా తిట్టాను, వింటేనా!"

హెడ్లీ టోపీ వెనక్కి తోశాడు.

"ఒరే సెల్బీ."

సెల్బీ చేతులు దించాడు. "బావా! నువ్వా? ఆ కోటు నీకెవరిచ్చారు?"

"కొనుక్కున్నాను. చాలా పొడిగా ఉంటుంది."

"నీ పొడి తగలెయ్య! ఊరంతా చేపలు మోసి మోసి చచ్చాం! ఏ ఆఫీసరూ చూడని షెడ్డు నీదొక్కటే కదా అని అందరికీ నేనే చెప్పా. ఆగలేక ఆఫీసుకి ఫోన్ చేసి నాలుగు తిట్టాను కూడా, శనివారం పూట మనుషుల్ని తరిమి చంపుతున్నారని!"

"ఆఫీసుకా?"

అప్పుడే గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది. నారింజ రంగు వానకోటు, అందరూ వేసుకునేలాంటిదే. జుట్టులోంచీ, చేతుల్లోంచీ, బూట్లలోంచీ నీళ్లు కారుతున్నాయి. దారి తప్పిన టూరిస్టు అనుకున్నాడు సెల్బీ. టూరిస్టు కనపడితే వాడి ఛాతీ దానంతటదే పొంగుతుంది.

"అబ్బ, ఎన్ని చేపలో! లెక్కపెట్టారా?" అంది అమ్మాయి.

"నూట పన్నెండు!" అన్నాడు సెల్బీ. "ఇదేం చూశారు, గాలి బాగుంటే ఇంతకి ఇంత పడతాయి."

ఆమె లోపలికి వచ్చి తలుపు వేసి, తడి జేబులోంచి గుర్తింపు బిళ్ల తీసి చూపించింది. చేపల ఆఫీసు, బెనోయిట్. సెల్బీ ఛాతీలో గాలి మొత్తం దిగిపోయింది.

"మా వాళ్లెవరూ ఇవాళ ఇటు రాలేదు," అందామె. "మరి జనాన్ని తరిమిందెవరో చూద్దామని వచ్చాను." ఆమె చూపు కోటు మీది డాలు మచ్చ దగ్గర ఆగింది. తర్వాత చేపల గుట్ట మీదికి పోయింది. "ఆఫీసరు వేషం వేశారు. అందర్నీ బెదరగొట్టారు. వాళ్లు పట్టిన చేపలన్నీ మీ షెడ్డుకే చేర్చుకున్నారు. తలుపు మీద పేరుంది కదా, అంతేనా మిస్టర్ కీపింగ్?"

అంత పెద్ద దోపిడీ తన పేరు మీద వినేసరికి హెడ్లీ చేతిలోని బక్కెట్టు మెల్లిగా కింద పెట్టాడు. సెల్బీ కళ్లలో మాత్రం జీవితంలో మొదటిసారి గౌరవం కనిపించింది.

"బావా, నీలో ఇంత తెలివి ఉందని నాకు తెలీదు."

"నోర్ముయ్యరా."

"ఇవి మీవి కాకపోతే ఎవరివో చెప్పండి," అంది బెనోయిట్. "చెప్పకపోతే అన్నీ మీవే. మీవైతే పడవ జప్తు."

హెడ్లీ కిటికీలోంచి పడవని చూశాడు. వానలో కట్రాటకి ఆనుకుని, ఏమీ ఎరగనట్టు ఊగుతోంది. పేర్లు చెప్పడం రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఆ ఊళ్లో ముప్ఫై ఏళ్లు బతకాలి.

"నావి ఐదు, బక్కెట్లో ఉన్నాయి," అన్నాడు. "మిగతావి... ఉన్నాయి. అంతే."

సెల్బీ ఒక చేప కళ్లలోకి తీక్షణంగా చూస్తున్నాడు. అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. చేతులకీ ముఖానికీ పిండితో డల్సీ, ఆమె వెనక గొడుగులూ, తలల మీద కప్పుకున్న సంచులూ, సగం ఊరు. అంతదాకా బయటినుంచి తలుపుకి చెవులు ఆనించి విన్నారు.

"అందులో ఐదు నావి," అంది డల్సీ.

"మీవా?" బెనోయిట్ పుస్తకం తీసింది. "మీరు చేపలు పడతారా?"

"ప్రతి శనివారం. తెల్లవారుజామునే. ఆయన పడవలోనే."

పాతికేళ్లుగా డల్సీ ఆ పడవలో కాలు పెట్టలేదు. రేవులో కూర్చున్న పిల్లికి కూడా ఆ సంగతి తెలుసు.

"నావి ఐదు," అన్నాడు పెద్ద స్కిన్నర్. "నావీ ఐదే," అన్నాడు చిన్న స్కిన్నర్. "మా ఆవిడవి ఐదు." "మా అమ్మవి ఐదు, ఆవిడ కాలు నొప్పని రాలేదు." "ప్రార్థనలయ్యాక నేనో ఐదు పట్టాను," అన్నాడు పాస్టరు, పైకప్పు వైపు చూస్తూ. అందరూ చెప్పేశారని తేలాక సెల్బీ కూడా ధైర్యంగా చెయ్యెత్తాడు. "నావీ ఐదే అండీ. నేనెప్పుడూ ఐదు దాటను."

చివరికి జనాన్ని తోసుకుంటూ రోడా అత్త ముందుకొచ్చింది. "రాసుకో అమ్మాయ్. నావి ఐదు."

"మీరెక్కడ పట్టారండీ?"

"మంచి చోటు ఎవరైనా చెబుతారా? నీకు బుద్ధుందా?"

బెనోయిట్ పేజీ తిప్పి కూడింది. మళ్లీ కూడింది. ముక్కు మీంచి నీటి చుక్క జారి కాగితం మీద పడింది.

"ఇరవై ఏడు మంది, మనిషికి ఐదు. నూట ముప్ఫై ఐదు కావాలి. ఇక్కడున్నవి నూట పన్నెండే. ఇంకో ఇరవై మూడు చేపలు ఏమైనట్టు?"

ఎక్కువ దొరికితే ఏం చెప్పాలో ఊరికి తరతరాలుగా తెలుసు. తక్కువైతే ఏం చెప్పాలో ఎవరికీ తెలీదు.

"దొంగతనం!" అంది రోడా అత్త. "నావి రెండు కనపడట్లేదు. ఊరు చెడిపోయింది. అది కూడా రాసుకో."

బెనోయిట్ భుజాలు కదిలాయి. చలికి వణుకుతోందో, నవ్వు ఆపుకుంటోందో తెలియలేదు. పుస్తకం మూసేసింది. "సరే. ఎవరి ఐదు వాళ్లు తీసుకెళ్లండి, నా కళ్ల ముందే. తక్కువైనవాళ్లు అర్జీ పెట్టుకోండి."

ఊరు వంగి చేపలు ఏరుకుంటుంటే ఆమె హెడ్లీ దగ్గరికి వచ్చింది. పచ్చ కోటు చేతి అంచు వెనక్కి తిప్పి లోపలి పట్టీ చూసింది. అతుకు మీద గోరుతో గీసింది. మెడ దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూసింది. ఆ చూపు హెడ్లీకి బాగా తెలుసు. లెస్టర్ కొట్లో అరగంట తను చూసిన చూపే.

"పొడిగా ఉంటుందా?"

"చుక్క దిగదు."

"మాకు ఈ కొత్తవి ఇచ్చారు," అని తన నారింజ చెయ్యి పిండింది. గ్లాసెడు నీళ్లు కారాయి. "ముద్ర మచ్చ ఉన్న కోటు బయటివాళ్ల దగ్గర ఉండకూడదు. స్వాధీనం చేసుకోవాలి. మీరిచ్చిన డబ్బు కొట్టువాడి చేత తిరిగి ఇప్పిస్తాను."

కోటూ ప్యాంటూ అక్కడే మారాయి. పచ్చ దుస్తుల్లో బెనోయిట్ వానలోకి హాయిగా నడిచింది. గుమ్మం దాటాక ఒకసారి ఆగింది.

"మిసెస్ కీపింగ్, వచ్చే శనివారం మళ్లీ వస్తాను. తెల్లవారుజామునే. మీరు పట్టేది చూడాలని ఉంది."

డల్సీ ముఖం మీది పిండి కూడా పాలిపోయింది.

షెడ్డు నుంచి ఇంటికి నలభై అడుగులు. ఆ నారింజ కోటులో హెడ్లీకి పది అడుగులకే భుజాలు తడిశాయి, ఇరవైకి వీపు. గుమ్మంలో డల్సీ ముందు నిలబడి, బొత్తాలు విప్పి, చొక్కా తనే చూపించాడు. అంటుకుపోయి ఉంది.

"తడిసింది," అన్నాడు. "సెల్బీని పిలవనా?"

డల్సీ చొక్కా వైపు చాలాసేపు చూసింది. తర్వాత కిటికీలోంచి పడవ వైపు చూసింది.

"పడవలో నేనెక్కడ కూర్చోవాలి?" అంది.

తర్వాతి శనివారం వానే. ఇద్దరూ వెళ్లారు. మొదటి గంటలో డల్సీ ఐదు పట్టింది, హెడ్లీ రెండు. తాడు వదిలే తీరూ, ఇంజను తిప్పే తీరూ, ఊపిరి తీసుకునే తీరూ ఏదీ సరిగ్గా లేదని ఆమె అతనికి మూడు గంటలు వివరించింది. పడవ అమ్మే మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. హెడ్లీని అమ్మే మాట మాత్రం అప్పుడప్పుడూ వస్తోంది.